వీడియో పాఠంలో తంబూరా ఎందుకు మాయమైంది?

మా పిన్ని రాజమండ్రిలో ఉంటుంది. డాలస్‌లో ఉన్న ముగ్గురు పిల్లలకు వారానికి రెండు రోజులు పొద్దున్నే వీడియో కాల్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతుంది. మొదటి నెలంతా ఆవిడది ఒకటే ఫిర్యాదు: పిల్లలు శ్రుతి వదిలేస్తున్నారని. పిల్లల తల్లి ఫిర్యాదు వేరు: "మీరు శ్రుతి పెట్టకపోతే వాళ్లు దేన్ని పట్టుకుని పాడతారు టీచర్‌గారూ?" పిన్ని పక్కన ఎలక్ట్రానిక్ తంబూరా మోగుతూనే ఉంది. గది నిండా శ్రుతే. డాలస్‌కు పాట చేరుతోంది, మందలింపు చేరుతోంది, అప్పుడప్పుడు వీధిలో పాలవాడి కేక కూడా చేరుతోంది. తంబూరా ఒక్కటే దారిలో ఎక్కడో మాయమవుతోంది.

దారిలో కూడా కాదు, ఇంట్లోనే. పిన్ని ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ దాన్ని చెత్త అనుకుని గుమ్మం దగ్గరే ఊడ్చేసింది.

ఫ్యాను, ఏసీ, కూలర్ చేసే హోరుకు ఒక గుణం ఉంది: అది మారదు. మనిషి మాట క్షణానికోలా ఉంటుంది. ఒక హల్లు, ఒక అచ్చు, మధ్యలో ఊపిరి, ఎక్కడో చిన్న విరామం. రొదను తొలగించే పాత పద్ధతులన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి. ఏ పౌనఃపున్యం దగ్గర శబ్దం ఒకే తీరున సాగుతోందో కొలిచి, అక్కడ కోత పెడతాయి. ఈమధ్య వచ్చినవి న్యూరల్ నెట్‌వర్కులతో పనిచేస్తాయి. మాట, రొద కలగలిసిన శబ్దాలను బోలెడన్ని వినిపించి, మాటను మాత్రమే మిగల్చడం వాటికి నేర్పుతారు. జీన్ మార్క్ వాలిన్ అనే ఇంజినీరు రూపొందించిన 'ఆర్ఎన్ నాయిస్' ఈ కోవలో తొలినాళ్లది. మామూలు కంప్యూటర్ మీద కూడా నడిచేంత తేలికైనది. పాత పద్ధతి అయినా కొత్త పద్ధతి అయినా తంబూరా గతి ఒకటే. అది మారదు, మాట్లాడదు. మన సంగీతమంతా దేన్ని ఆనుకుని నిలబడిందో అదే ఈ యంత్రానికి ఏసీ హోరు. పిన్ని షడ్జమం మీద గొంతు నిలిపితే అది కూడా కాసేపటికి సన్నగిల్లేదట. నిలకడగా పాడటం ఈ సాఫ్ట్‌వేర్ దృష్టిలో నేరం మరి!

వీడియో కాల్‌ను అవతలి ఇంట్లోకి తెరిచిన కిటికీ అనుకుంటాం. నిజానికి అది ఇరుకు సందులోంచి హడావిడిగా సామాను చేరవేయడం లాంటిది. అన్నీ పట్టవు, ఆగడానికి సమయం లేదు. ఏది మోయాలో ఏది పారేయాలో సెకనుకు కొన్ని పదుల సార్లు ఎవరో ఒకరు తేల్చాలి. మీటింగుల్లో మనం పడే చిరాకుల్లో ఎక్కువ భాగం ఆ తీర్పుల ఫలితమే. ఎవరు, ఎక్కడ, ఏ లెక్కన తీర్పు చెబుతున్నారో తెలిస్తే చిరాకు పోదు గానీ, సగం సమస్యలకు మందు మన చేతిలోనే ఉందని తెలుస్తుంది.

అన్నిటికన్నా కొరత సమయానికే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి ఎంత వ్యవధి పడుతుంది? పది భాషల మీద జరిగి 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో అది సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. అంటే సెకనులో ఐదో వంతు. అవతలివారి వాక్యం ముగిసే లోపే మన జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంటుందన్న మాట. టెలిఫోన్ మాట సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూడమని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు చేస్తుంది.

ఇక హైదరాబాద్‌కూ డాలస్‌కూ మధ్య దూరం చూడండి: భూగోళం మీద దగ్గరి దారిలో కొలిచినా సుమారు 14 వేల కిలోమీటర్లు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే పోవడానికే 70 మిల్లీసెకన్లు. మామూలు ఫైబర్ వాడినంత కాలం ఏ కంపెనీ ఎంత ఖర్చు పెట్టినా ఈ 70 తగ్గదు. పైగా కేబుళ్లు తిన్నగా పోవు. సముద్రాల అడుగున, తీరాల వెంబడి చుట్టూ తిరిగి పోతాయి. కెమెరా చూడటానికి కొంత, కుదించడానికి కొంత, వైఫై తన వంతు కోసం ఆగడానికి కొంత, అవతల విప్పడానికి కొంత. అన్నీ కలిపితే ఒకవైపే 200 మిల్లీసెకన్లు దాటడం మామూలు.

అప్పుడేమవుతుంది? నేను మాట ఆపాను. మీరు వెంటనే అందుకున్నారు, కానీ మీ మాట నాకు చేరలేదు. ఆ కాస్త నిశ్శబ్దాన్ని నేను 'వీరికి చెప్పడానికి ఏమీ లేదు' అని అర్థం చేసుకుని మళ్లీ మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే మీ మాట వచ్చి తగిలింది. ఇద్దరమూ ఆగాం. "మీరు చెప్పండి." "లేదు లేదు, మీరే కానివ్వండి." మళ్లీ ఇద్దరమూ ఒకేసారి మొదలుపెట్టాం. చూసేవారికి ఎంత మర్యాదస్తులో అనిపిస్తుంది. అది మర్యాద కాదు, మహాసముద్రాల దూరం.

తాళం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పిన్ని ఆది తాళం సెకనుకో దెబ్బ చొప్పున వేస్తోందనుకుందాం. ఆ దెబ్బ డాలస్‌కు 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరింది. అక్కడి పిల్ల సరిగ్గా దానితో పాటే వేసింది. ఆ చప్పుడు వెనక్కి వచ్చేసరికి ఇంకో 200. పిన్ని చెవికి పిల్ల ప్రతిసారీ దాదాపు అర దెబ్బ వెనక ఉంటుంది. తప్పేమీ చేయకుండానే చీవాట్లు తిన్న పిల్ల అది. వేర్వేరు చోట్ల ఉన్న వాద్యకారులు కలిసి వాయించాలంటే ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లకు మించకూడదు. అందుకోసం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైన జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మంచి తీగ కనెక్షన్లు ఉంటే ఒకే నగరంలో, పొరుగు నగరాల మధ్య చక్కగా పనిచేస్తాయి. సముద్రం దాటి కలిసి పాడించే సాఫ్ట్‌వేర్ లేదు, రాదు. గురువు ఒక సంగతి పాడి ఆగడం, శిష్యులు ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పడం, ఎవరి ఇంట్లో వారు శ్రుతి పెట్టుకోవడం: ఆన్‌లైన్ సంగీత పాఠాలు ఈ రూపంలోకి వచ్చి స్థిరపడటానికి కారణం ఇదే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లి ఒక మాట చెప్పాలి. 1990ల చివరి నుంచీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జిల్లా కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు జరిపేవారు. కలెక్టరేట్లలో 'వీసీ' అన్న మాట నిత్య వ్యవహారంలోకి వచ్చింది. ఈ వీసీలకు ఆలస్యం పెద్ద అడ్డంకి కాదన్నది నా అనుమానం. ఎందుకంటే అక్కడ మాట్లాడేవారు ఒకరు, తలూపేవారు అందరూ. ముఖ్యమంత్రి మాటకు ఎవరూ అడ్డుపడరు కదా! ఆలస్యం బాధించేది సమానుల సంభాషణనే.

సరే, మాట ఎలా ప్రయాణిస్తుంది? దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒక్కో పొట్లం కట్టి పంపుతారు. సెకనుకు 50 పొట్లాలు. మనం వెబ్ పేజీ తెరిచినప్పుడు దారిలో ఏ పొట్లమైనా పోతే మళ్లీ అడిగి తెప్పించుకుంటారు. వీడియో కాల్‌లో మాటకు మాత్రం మామూలుగా అలా చేయరు. పోయినదాన్ని మళ్లీ తెప్పించేలోపు సంభాషణ ముందుకు పోతుంది. నిన్నటి పేపరు ఇవాళ వేసినట్టే. అందుకే పోయింది పోనిమ్మనే యూడీపీ అనే పద్ధతిని వాడతారు.

పొట్లాలు ఒకే తీరున కూడా రావు. ఒకటి 90 మిల్లీసెకన్లకు వస్తుంది, తర్వాతది 140కి, ఆ తర్వాత మూడు కలిసి గుంపుగా. వచ్చినవాటిని వచ్చినట్టే వినిపిస్తే మాట నత్తినత్తిగా ఉంటుంది. కనుక వినేవారి వైపు సాఫ్ట్‌వేర్ కొన్నిటిని చిన్న నిల్వగా ఆపి, వరుస సరిచేసి, నింపాదిగా వదులుతుంది. నిల్వ పెద్దదైతే మాట సాఫీగా ఉంటుంది గానీ ఆలస్యం పెరుగుతుంది. చిన్నదైతే మాట విరుగుతుంది. నెట్‌వర్క్ తీరును బట్టి ఈ నిల్వను పెంచుతూ తగ్గిస్తూ ఉండటం ఒక కళ. అవతలివారు ఒక్కసారిగా గబగబా మాట్లాడినట్టు వినిపించిందంటే, పేరుకుపోయిన నిల్వను సాఫ్ట్‌వేర్ కరిగిస్తోందన్న మాట. గొంతు రోబోలా సాగిందంటే, రాని ముక్క స్థానంలో ముందు ముక్కనే సాగదీసి అతికిస్తోంది. ఈ కళలో ఆరితేరిన జీఐపీఎస్ అనే చిన్న కంపెనీని గూగుల్ 2010లో కొని, మరుసటి ఏడాది ఆ సరుకును వెబ్‌ఆర్‌టీసీ పేరుతో అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. ఇవాళ ఏ యాప్ దించుకోకుండా, లింకు నొక్కగానే బ్రౌజర్‌లో మీటింగ్ తెరుచుకుంటోందంటే దాని పుణ్యమే.

బొమ్మ సంగతి వేరు. 1280 అడ్డం, 720 నిలువు చుక్కలతో, సెకనుకు 30 ఫ్రేములతో వచ్చే వీడియోను కుదించకుండా పంపాలంటే, రంగుల వివరాన్ని ముందే తగ్గించుకున్నా, సెకనుకు 33 కోట్ల బిట్లు కావాలి. మీటింగులో నిజంగా వెళ్లేది 12 లక్షల దగ్గర. అంటే సుమారు 275 బిట్లకు ఒకటి మిగిల్చి, మిగతావి పారేస్తున్నారు. అయినా ముఖం ముఖంలాగే కనిపిస్తుంది. ఇందులో రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, బొమ్మను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలోని వెలుగునీడలను ముతక అలలు, సన్న అలలుగా విడదీసి, కంటికి ఆనని సన్న అలలను వదిలేయడం. దీనికి ఆధారమైన గణితం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974లో దాన్ని ప్రచురించినవారు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ముగ్గురివీ మన దేశపు పేర్లే. మూడోవారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఈ ఆలోచన మీద పనిచేస్తానని అహ్మద్ అడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులు ఇవ్వలేదు. 1980ల చివర వీడియో కాన్ఫరెన్సుల కోసమే వచ్చిన హెచ్.261 ప్రమాణం మొదలుకొని నేటి ప్రమాణాల దాకా ఆ గణితమో దాని సంతతో లేని చోటు లేదు.

రెండో ఉపాయం, ముందు ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య మారినదాన్ని మాత్రమే పంపడం. మీ వెనక తెల్లగోడ ఉంటే దాన్ని ఒకసారి పంపితే చాలు. వెనక కిటికీలో వేపచెట్టు ఊగుతుంటే మాత్రం ప్రతి ఆకుకూ లెక్క చెప్పాలి. బిట్లన్నీ చెట్టుకు పోయి మీ ముఖం గడులు గడులుగా మారుతుంది. చీకటి గదికీ ఇదే వర్తిస్తుంది. వెలుతురు చాలకపోతే కెమెరా బొమ్మలో ఇసుక చల్లినట్టు రవ్వలు పుడతాయి, అవి ఫ్రేము ఫ్రేముకూ మారుతుంటాయి, వాటినీ మోయాలి. ఖరీదైన కెమెరా కొనేముందు ముఖం మీద వెలుగు పడేలా కుర్చీ తిప్పి చూడమనేది అందుకే.

ఇక మాటకు ఎన్ని బిట్లు కావాలి? ఓపస్ అనే శబ్ద కుదింపు పద్ధతిలో సెకనుకు 24 వేల బిట్లతోనే గొంతు నిండుగా వినిపిస్తుంది. బొమ్మకు అయ్యేదానిలో యాభయ్యో వంతు! అయినా మీటింగును నిలబెట్టేది అదే. బొమ్మ ఆగిపోయినా మాట వినిపిస్తుంటే పని జరుగుతుంది. మాట ఆగిపోతే ఎంత అందమైన బొమ్మ ఉన్నా చేతులూపుకోవడమే. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ 1970లో పిట్స్‌బర్గ్ నగరంలో నెలకు 160 డాలర్లకు 'పిక్చర్‌ఫోన్' పెట్టి చేతులు కాల్చుకుంది. అంత డబ్బు పోసి ముఖం చూసుకోవాలన్న కోరిక జనానికి లేకపోయింది. దారి ఇరుకైనప్పుడు మంచి సాఫ్ట్‌వేర్ ముందు బొమ్మ నాణ్యత తగ్గిస్తుంది, తర్వాత బొమ్మనే ఆపుతుంది, మాటను చివరిదాకా కాపాడుతుంది. మనమే ముందుగా కెమెరా ఆపేస్తే దానికి ఆ శ్రమ తప్పుతుంది.

స్పీడ్ టెస్టులో వందల ఎంబీపీఎస్ చూపిస్తున్నా కాల్ విరుగుతోందంటే వేరే దొంగను వెతకాలి. ఇంట్లో ఎవరి ఫోనో ఆ సమయంలో పెళ్లి ఫొటోలన్నిటినీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉండవచ్చు. రూటర్ ముందు ఆ పొట్లాలు బారులు తీరితే మీ మాట పొట్లం వరుసలో చివర నిలబడుతుంది. వెడల్పు చాలక కాదు, వరుస పొడవై. రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు పది అడుగుల తీగ వేయడం, మీటింగ్ సేపు అప్‌లోడ్లు ఆపడం: ఈ రెండూ ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్ తీసుకోవడం కన్నా మేలు చేస్తాయి.

ప్రతిధ్వని గురించి చాలామందికి తెలియని విషయం: మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే తప్పు సాధారణంగా మీ వైపు లేదు. మీ మాట అవతలి స్పీకరులోంచి వచ్చి, అవతలి మైకులో దూరి, మీ దగ్గరికి తిరిగొచ్చింది. మీరు ఎన్ని బటన్లు నొక్కినా లాభం లేదు. అవతలివారిని ఇయర్‌ఫోన్లు పెట్టుకోమనాలి. దీన్ని ఆపే సాఫ్ట్‌వేర్‌కు పూర్వీకులు 1960లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పుట్టారు. భారతదేశం నుంచి వెళ్లిన మన్ మోహన్ సోంధీ అందులో ముఖ్యుడు. ఊహ ఇది: స్పీకరుకు ఏ శబ్దం పంపామో యంత్రానికి తెలుసు. గోడలకు, బల్లకు కొట్టుకుని అది మైకులోకి ఎలా మారి వస్తుందో నిరంతరం అంచనా కట్టి, వచ్చినదాంట్లోంచి ఆ అంచనాను తీసేస్తే మిగిలేది మనిషి మాట. ల్యాప్‌టాప్ మూత కాస్త వంచినా అంచనా మళ్లీ మొదలవుతుంది. ఒకే గదిలో ఇద్దరు రెండు ల్యాప్‌టాపులతో ఒకే మీటింగులో చేరితే చెవులు చిల్లులు పడే కూత రావడానికీ ఇదే కారణం. ప్రతి యంత్రానికీ తన స్పీకరు సంగతి తెలుసు, పక్కదాని సంగతి తెలియదు.

ఇద్దరి మధ్య కాల్ ఒక ఎత్తు, ముప్పై మంది మీటింగ్ ఇంకో ఎత్తు. ప్రతివారూ మిగతా 29 మందికి తమ బొమ్మను నేరుగా పంపాలంటే మొత్తం 870 ప్రవాహాలు. ఏ ఇంటి కనెక్షనూ తట్టుకోదు. పాతకాలపు పరిష్కారం, మధ్యలో ఒక పెద్ద యంత్రం అందరి బొమ్మలనూ విప్పి, ఒకే తెరగా కలిపి, మళ్లీ కుదించి పంపడం. ఖర్చెక్కువ, ఆలస్యం కూడా. ఇప్పటి పద్ధతిలో మధ్యనున్న సర్వర్ తపాలా కార్యాలయంలా పొట్లాలను విప్పకుండానే చిరునామా చూసి పంచుతుంది. మీ కంప్యూటర్ మీ బొమ్మను పెద్ద, మధ్య, చిన్న సైజుల్లో ఏకకాలంలో పంపుతుంది. మీరు మాట్లాడుతుంటే అందరికీ పెద్దది వెళుతుంది. మౌనంగా ఉంటే మూలన గడిలో పట్టే చిన్నది. పల్లెలో ఫోను మీద చూస్తున్నవారికి చిన్నది, ఆఫీసులో పెద్ద తెర ముందున్నవారికి పెద్దది. ఒక్కరి నెట్‌వర్క్ బలహీనమైతే అందరి బొమ్మా చెడే రోజులు అలా పోయాయి.

కానీ ఆ తపాలా కార్యాలయం పొట్లం విప్పి చదవగలదా? 2020లో ఈ ప్రశ్న వీధిన పడింది. రోజుకు కోటి మంది దగ్గర ఉన్న జూమ్ మీటింగుల హాజరు నాలుగు నెలల్లో 30 కోట్లకు పెరిగిన సమయమది. రెండు చివరల మధ్య ఎవరూ చదవలేని రహస్య లిపిలో పంపుతున్నామని ఆ కంపెనీ చెప్పుకున్న మాట నిజం కాదని తేలింది. అదే ఏడాది అక్టోబరులో అసలైన ఏర్పాటు తెచ్చింది. అయితే అది ఆన్ చేస్తే సర్వర్‌లో రికార్డింగ్ వంటివి పనిచేయవు. సర్వర్‌కు వినిపించనప్పుడు అది మన కోసం రాసిపెట్టడం ఎలా కుదురుతుంది? మీటింగ్ సారాంశం కృత్రిమ మేధ రాసిపెట్టాలని కోరుకునేవారు ఈ బేరం గుర్తుంచుకోవాలి. పిలవని వారు చొరబడే బెడద కూడా ఆ వేసవిలోనే పెరిగి, పాస్‌వర్డు, వెయిటింగ్ రూమ్ మామూలయ్యాయి. ఇక చెయ్యి ఎత్తే బటన్ అంటారా, ఆలస్యం మన నుంచి లాక్కున్న 200 మిల్లీసెకన్ల నేర్పుకు అది ఊతకర్ర.

వీడియో మీటింగుల అలసట గురించి ఒక్క మాట. స్టాన్‌ఫర్డ్‌లోని పరిశోధకుడు జెరెమీ బైలెన్సన్ 2021లో చెప్పిన నాలుగు కారణాల్లో ఒకటి, గంటల తరబడి మన ముఖం మనమే చూసుకోవడం. రోజంతా అద్దం పట్టుకుని ఎవరైనా వెంట తిరిగితే ఎలా ఉంటుంది? మన బొమ్మ మనకు కనిపించకుండా దాచే వీలు చాలా యాప్‌లలో ఉంది. నేను దాన్ని వాడటం మొదలుపెట్టాక జుట్టు సర్దుకోవడం మానేశాను.

చివరికి పిన్ని సమస్యకు మందు సెట్టింగుల్లోనే దొరికింది. సంగీతకారుల కోసం 'ఒరిజినల్ సౌండ్' అని ఒక మీట ఉంది; నొక్కితే సాఫ్ట్‌వేర్ చీపురు పక్కన పెట్టి, గదిలో ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. ప్రతిధ్వని రాకుండా ఇయర్‌ఫోన్లు తప్పనిసరి అయ్యాయి. చెవుల్లో ఆ వైర్లతో పాడటం విమానం నడుపుతున్నట్టు ఉందని ఆవిడ గొణిగింది గానీ, మొదటి రోజే పిల్లలు ముగ్గురూ శ్రుతిలో నిలబడ్డారు. డాలస్‌కు తంబూరా చేరుతోంది. దానితో పాటు ఫ్యాను, కాకులు, బాబాయి చదివే పేపరు చప్పుడు కూడా. మొన్న ఆరున్నరకు మాయామాళవగౌళ నడుస్తుండగా పిల్లల్లో చిన్నది పాట ఆపి చెయ్యి ఎత్తింది.

"టీచర్, మీ కుక్కర్ మూడో విజిల్ వేసింది. ఆపెయ్యరా?"